అమరిల్లిస్ దుంపలు ఎందుకు కుళ్ళాయి, పిల్లల్ని ఎప్పుడు విడదీయాలి?

ప్రశ్న: నాలుగేళ్ళ క్రితం కుండీలో ఒకే ఒక్క అమరిల్లిస్ దుంప నాటాను. ఎర్ర పువ్వు. ఏటా రెండు కాడలు వేసేది. పోయిన ఏడాది చూస్తే దాని చుట్టూ ఎనిమిది పిల్ల దుంపలు కనిపించాయి. సంతోషం పట్టలేక, పూత అయిపోగానే తల్లితో సహా అన్నిటినీ పెకలించి, ఆకులు కత్తిరించి, పిల్లల్ని విడివిడిగా పెద్ద కుండీల్లో లోతుగా నాటి రోజూ నీళ్ళు పోశాను. నెల తిరిగేసరికి అయిదు కుళ్ళిపోయాయి. మిగిలిన మూడూ ఒక్కో ఆకు వేశాయి గానీ ఎదగడం లేదు. ఈ ఏడాది తల్లి దుంప కూడా పూయలేదు. పెద్ద దుంపను కోసి ముక్కలు చేస్తే ఒకదానికి పది మొక్కలు వస్తాయని విన్నాను. నిజమేనా? ఈ తల్లి దుంపను కొయ్యమంటారా? నా దగ్గర గ్లాడియోలస్, రెయిన్ లిల్లీ కూడా ఉన్నాయి. వాటికీ ఇదే పద్ధతా?
— ఒక పాఠకురాలు

సమాధానం: తల్లి దుంపను ఇప్పుడు మాత్రం కొయ్యకండి. అన్నిటికన్నా ముందు ఈ మాట చెప్పేయాలి. మిగతాదంతా చదివేలోపు చాకు తీస్తారేమోనని నా భయం. కోస్తే ఒకటికి పది వస్తాయన్నది నిజమే. దుంప బాగా బలిసి ఉంటే ముప్పై కూడా వస్తాయి. కానీ పూయడానికే శక్తి లేని దుంప కోతకు అసలు తట్టుకోదు. ఎందుకో అర్థం కావాలంటే దుంప లోపల ఏముంటుందో ఒకసారి చూడాలి.

ఉల్లిగడ్డను నిలువునా రెండుగా కోస్తే ఎలా ఉంటుందో అమరిల్లిస్ దుంప లోపల కూడా అచ్చం అలాగే ఉంటుంది. అడుగున, వేళ్ళు పుట్టే చోట, గట్టిగా ఒక బిళ్ళ. ఆ బిళ్ళ మీద నుంచి ఒకదాన్ని ఒకటి చుట్టుకుంటూ పైకి లేచిన పొరలు. ఈ మొక్కకు కాండం ఏదీ అంటే ఆ అడుగు బిళ్ళే. పొరలేమో ఆకుల మొదళ్ళు. ఆకు ఎండలో తయారుచేసిన ఆహారం కిందికి దిగి ఆ మొదట్లో నిల్వ అవుతుంది. పైన ఆకు పండి ఎండిపోయినా మొదలు మాత్రం ఒక పొరగా దుంపలో మిగిలిపోతుంది. అంటే మీ చేతిలో ఉన్న దుంప, గడిచిన రెండు మూడేళ్ళలో ఆ మొక్క వేసిన ఆకుల కష్టార్జితం.

అమరిల్లిస్‌కి ఒక లెక్క ఉంది. నాలుగు ఆకులు కట్టాక ఒక పూమొగ్గ, మళ్ళీ నాలుగు ఆకులు, మళ్ళీ ఒక మొగ్గ, ఇలా లోపల వరస పేర్చుకుంటూ పోతుంది. మనకు బయట కనిపించే మొగ్గ సుమారు ఏడాది ముందే దుంపలో రూపు కట్టి ఉంటుంది. మీరు పోయిన ఏడాది పూత అవగానే ఆకులు కత్తిరించారు. అప్పటికే లోపల ఉన్న మొగ్గకు తిండి అందకుండా పోయింది. అలాంటప్పుడు దుంప తన ప్రాణం కాపాడుకోవడానికి మొగ్గను లోపలే ఎండబెట్టేసుకుంటుంది. మీ తల్లి దుంప ఈ ఏడాది పూయకపోవడానికి కారణం ఇదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. దానికి జబ్బేమీ లేదు, ఆకలి మాత్రమే.

దుంప మొక్కల్ని పెంచేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. పూలు ఉన్నన్నాళ్ళూ మొక్కను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారు. పువ్వు వాడగానే ఆకులు చూడ్డానికి బాగోలేదని కోసేసి, కుండీని ఓ మూలకు నెట్టేస్తారు. అసలు పని మొదలయ్యేది అప్పుడే. వాడిన పువ్వును, దాని వెనక కాయ కట్టే ఉబ్బును మాత్రం తుంచేయండి. పూకాడ పచ్చగా ఉన్నంతకాలం దాన్నీ కొయ్యకండి, అదీ ఆకులాగే ఆహారం తయారుచేస్తుంది. ఆకులు వాటంతట అవే పసుపుపచ్చగా మారి వాలిపోయేదాకా ఎండ, నీళ్ళు, ఎరువు మూడూ అందాలి. పొటాష్ ఎక్కువ, నత్రజని తక్కువ ఉన్న ఎరువైతే మంచిది. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా, మెత్తగా పెరుగుతాయి గానీ దుంప ఊరదు, పైగా కుళ్ళుకు తొందరగా లొంగిపోతుంది.

ఇప్పుడు ఆ అయిదు ఎందుకు కుళ్ళాయో చూద్దాం. మీ ఉత్తరంలోనే కారణాలన్నీ ఉన్నాయి. పిల్ల దుంపను తల్లి నుంచి ఊడదీసినప్పుడు అడుగు బిళ్ళ దగ్గర ఒక పచ్చి గాయం మిగులుతుంది. అది ఆరకముందే తడి మట్టిలో పెట్టారు. లోతుగా నాటారు కాబట్టి మెడ, అంటే ఆకులు బయటికి వచ్చే సన్నటి పైకొన, కూడా తడిలో కూరుకుపోయింది. కుండీ పెద్దది, దుంప చిన్నది, వేళ్ళు లేవు. పోసిన నీళ్ళు పీల్చుకునేవాళ్ళు లేక మట్టి రోజుల తరబడి చిత్తడిగానే ఉండిపోయింది. దాని మీద రోజూ మళ్ళీ నీళ్ళు. వేళ్ళు లేని దుంపకు దాహం ఉండదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం దుంపలు బతికిపోతాయి.

మిగిలిన మూడింటికి వెంటనే చేయాల్సింది కుండీ మార్చడం. మెల్లగా బయటికి తీసి వేళ్ళు తెగకుండా మట్టి దులపండి. దుంపను చేతివేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బెంగలేదు. ఎక్కడైనా మెత్తగా, నీరుగారినట్టు ఉంటే ఆ భాగాన్ని తెల్లటి కండ కనిపించేదాకా శుభ్రమైన చాకుతో తీసేసి, కోసిన చోట దాల్చినచెక్క పొడి గానీ గంధకం పొడి గానీ అద్ది, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత చిన్న కుండీలో నాటండి. దుంపకూ కుండీ అంచుకూ మధ్య ఒక అంగుళం, మహా అయితే అంగుళంన్నర ఉంటే చాలు. మట్టిలో మూడో వంతు ముతక ఇసుకో, పెర్లైటో (నీరు నిలవకుండా మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలికైన గుళికలు) కలపండి. పెద్ద దుంపకైతే మెడతో పాటు పైభాగం మూడో వంతు మట్టి పైన ఉండాలి. చిన్నవాటికి మెడ బయటికి కనిపిస్తే సరిపోతుంది. నాటిన రోజు ఒకసారి నీళ్ళు పోసి, మళ్ళీ పై అంగుళం మట్టి ఎండాకే పోయండి. అవి ఎదగడం లేదని మీరు అనుకుంటున్నారు గానీ, నన్నడిగితే ఈ ఏడాదంతా అవి వేళ్ళు సర్దుకోవడానికే పడుతుంది. టెన్షన్ పడి ఎరువు గుప్పించకండి.

ఇక పిల్లల్ని విడదీసే పద్ధతి. తొందరపడితే ఇద్దరూ నష్టపోతారు, తల్లీ పిల్లా కూడా. పిల్ల దుంప తల్లిలో కనీసం మూడో వంతు సైజుకు రావాలి, దానికి సొంతంగా ఆకులు, సొంతంగా వేళ్ళు ఉండాలి. ఆ సైజు లేనివాటిని తల్లితోనే ఉండనివ్వండి. తల్లికి అతుక్కుని ఉన్నంతకాలం అవి వేగంగా ఊరతాయి. విడదీసే అదను ఆకులు పండి రాలాక, దుంప విశ్రాంతిలో ఉన్నప్పుడు, లేదా విశ్రాంతి ముగిసి కొత్త మొలక తొంగిచూడక ముందు. మీరు చేసినట్టు పూత అవగానే చేస్తే మొక్క ఆహారం కూడబెట్టుకునే కాలాన్నంతా చేజేతులా పోగొట్టినట్టే.

విడదీసే ముందు వారం పది రోజులు నీళ్ళు ఆపండి. మట్టి పొడిబారితే ముద్ద సులువుగా విడుతుంది. కుండీని బోర్లించి మొత్తం ముద్దను బయటికి తీసి, మట్టి దులిపి, ఏ పిల్ల ఎక్కడ అతుక్కుందో కళ్ళారా చూడండి. తల్లిని ఒక చేత్తో పట్టుకుని పిల్లను పక్కకు కొద్దిగా మెలితిప్పితే, సిద్ధంగా ఉన్న పిల్ల ‘టక్’మని ఊడి వస్తుంది. రానిదాన్ని బలవంతంగా లాగకండి. లాగితే అడుగు బిళ్ళ చీలి పైపొరలు మాత్రమే చేతికి వస్తాయి. బిళ్ళ లేని పిల్లకు వేళ్ళు రావు. మరీ గట్టిగా అతుక్కుని ఉంటే చాకుతో కోయొచ్చు, కానీ కోసిన ముక్కకు బిళ్ళ తప్పకుండా రావాలి. తర్వాత రెండు మూడు రోజులు గాలి ఆడే నీడలో ఆరబెట్టి నాటుకోండి. విడదీసిన పిల్ల పూయడానికి సాధారణంగా రెండు మూడేళ్ళు పడుతుంది. అడ్డకొలత రెండున్నర అంగుళాలు దాటితే పూతకు వచ్చినట్టే.

ఇప్పుడు మీరు అడిగిన కోత. ఇది నాకు చాలా ఇష్టమైన పని, కాబట్టి వివరంగానే రాస్తాను. మీ తల్లి దుంప కోలుకుని మళ్ళీ రెండు కాడలు వేసిన తర్వాత, దానికి సాటి దుంప ఇంకొకటి మీ దగ్గర ఉన్నప్పుడు మాత్రమే ప్రయత్నించండి. కోసిన దుంప మళ్ళీ దుంపగా మిగలదు కదా. ఒకే ఒక్క దుంప ఉంటే దాన్ని ఎప్పుడూ కోతకు పెట్టకండి.

దుంపకు సహజంగా పిల్లలు పుట్టేది పొరల సందుల్లో, బిళ్ళను ఆనుకుని ఉండే మొగ్గల నుంచి. మధ్యలో ఉన్న ప్రధాన మొలక బలంగా ఉన్నంతకాలం ఆ మొగ్గల్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. దుంపను కోసినప్పుడు ఆ పెత్తనం పోతుంది. బిళ్ళ ముక్క ఉన్న ప్రతి పొర సందులోనూ కొత్త దుంప పుట్టడానికి దారి ఏర్పడుతుంది. అది పెరగడానికి కావలసిన తిండి పొరలోనే ఉంది. అందుకే బలిసిన దుంపే కావాలనేది. బక్క దుంప పొరల్లో ఆ తిండి ఉండదు.

విశ్రాంతిలో ఉన్న దుంపను తీసుకోండి. ఎండిన గోధుమరంగు తొక్కలన్నీ ఒలిచేసి, పాత వేళ్ళను బిళ్ళ దాకా కత్తిరించండి, బిళ్ళ మాత్రం తెగకూడదు. మెడ వైపు పైభాగాన్ని కోసి పక్కన పెట్టండి. దుంపను తలకిందులుగా పెట్టి, బిళ్ళ మధ్య నుంచి నిలువునా రెండుగా, ఒక్కో సగాన్ని మళ్ళీ రెండుగా, అలా ఎనిమిది ముక్కలు చేయండి. మొదటిసారి ఎనిమిది చాలు. చెయ్యి తిరిగాక పదహారు చేయొచ్చు. ఆ ముక్కల్ని ఇంకా విడదీసి, రెండేసి పొరలకు ఒక బిళ్ళ తునక ఉండేలా చేస్తే ముప్పై దాకా వస్తాయి గానీ, ముక్క చిన్నదైన కొద్దీ కుళ్ళే ప్రమాదం పెరుగుతుంది, పూతా ఆలస్యమవుతుంది. చాకును ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడవండి. ఈ పని విసుగ్గా ఉంటుంది, అయినా మానకండి. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి. ఆ జిగురు కొందరికి దురద పుట్టిస్తుంది.

ముక్కల్ని కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశిని కలిపిన నీళ్ళలో అరగంట ఉంచి, తీసి, జల్లెడలో వేసి పైతడి ఆరనివ్వండి. మందు మోతాదు ప్యాకెట్ మీద ఉన్నదే వాడండి. తర్వాత ఒక పాలిథిన్ సంచిలో తడిపిన వర్మిక్యులైట్ (చెమ్మ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) గానీ కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) గానీ పోసి ముక్కల్ని అందులో కలిపి, సంచిలో కాస్త గాలి నింపి మూతి కట్టండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది: తడి ఎంత? కోకోపీట్‌ను గుప్పిట్లో గట్టిగా పిండితే ఒక్క చుక్క కూడా కారకూడదు, చెయ్యి తెరిస్తే ముద్ద మాత్రం విడిపోకూడదు. నేను మొదటిసారి కోసినప్పుడు ఈ సంగతి తెలియక చెమ్మ ఎక్కువ ఉంచాను. పదహారు ముక్కల్లో పదకొండు నల్లగా మారి వాసన కొట్టాయి. అయిదు మాత్రం దక్కాయి. ఆ అయిదింటి పిల్లలే ఇప్పటికీ నా దగ్గర పూస్తున్నాయి.

సంచి మీద తేదీ రాసి, ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల వేడి ఉండే చీకటి మూలలో పెట్టండి. వారానికోసారి సంచి తెరిచి గాలి మార్చి, బూజు పట్టిన ముక్క కనిపిస్తే వెంటనే తీసి పారేయండి. ఏడెనిమిది వారాల దాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. పొరలు కొద్దిగా విచ్చుకుంటాయి, అంతే. పదో వారం దగ్గర ఒక ముక్కను వెలుతురులో పట్టుకుని రెండు పొరల్నీ బొటనవేలితో మెల్లగా విడదీసి చూడండి. అడుగున, బిళ్ళను ఆనుకుని, మిరియం గింజంత తెల్లటి బుడిపె నున్నగా మెరుస్తూ కనిపిస్తుంది. కొన్నిట్లో రెండు కూడా ఉంటాయి. కొన్నిటికి అప్పటికే దారంలాంటి ఒక వేరు కిందికి దిగి ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది.

వాటిని పొరల నుంచి వేరు చేయకండి. పొరల్లో మిగిలిన ఆహారం ఇంకా వాటిదే. ముక్కను ముక్కగానే ఇసుక కలిపిన తేలికైన మట్టిలో, చిన్న దుంప మీద అర అంగుళం మట్టి కప్పేలా నాటి, నీరెండ తగిలే చోట పెట్టండి. పాత పొరలు వాటంతట అవే కరిగిపోతాయి. మొదటి ఆకు గడ్డిపోచలా వస్తుంది. మొదటి రెండేళ్ళూ నీళ్ళు ఆపి విశ్రాంతినివ్వాల్సిన అవసరం లేదు, ఎదిగినన్నాళ్ళూ ఎదగనివ్వండి. పువ్వుకు మూడు నాలుగేళ్ళు పడుతుంది.

అంత ఓపిక ఉన్నవాళ్ళకు విత్తనం ఇంకా ఆనందం. మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పువ్వు విచ్చాక పుప్పొడిని వేరే రంగు అమరిల్లిస్ పువ్వు నుంచి తెచ్చి, మధ్యలో పొడుగ్గా వచ్చిన కీలం కొన మూడు పాయలుగా విచ్చుకున్నప్పుడు దాని మీద అద్దండి. తన పుప్పొడి తనకే పట్టని మొక్కలు చాలా ఉన్నాయి, అందుకే వేరే మొక్కది తెమ్మంటున్నాను. కాయ నెల, నెలన్నరలో పండి పగులుతుంది. లోపల కాగితం కాల్చితే వచ్చే నుసిలా పల్చటి నల్లటి విత్తనాలు దొంతరగా ఉంటాయి. నిల్వ ఉంచితే మొలకశక్తి త్వరగా పోతుంది కాబట్టి వెంటనే చల్లండి. గిన్నెడు నీళ్ళ మీద తేలనిచ్చినా రెండు మూడు వారాల్లో వేరు తొడుగుతాయి. వచ్చే పువ్వు తల్లిలా ఉండదు, తండ్రిలా ఉండదు. 1799లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల పనివాడు ఇలాగే రెండు జాతుల్ని కలిపి, ఎర్రటి రేకుల మీద తెల్లచారలున్న పువ్వును పుట్టించాడు. మనం తోటల్లో చూసే సంకర అమరిల్లిస్‌లకు అదే మొదలు. జాన్సన్ పేరుతోనే ఆ మొక్క ఇంకా బతికి ఉంది, అదీ ఇన్నేళ్ళుగా పిల్ల దుంపలతోనే చేతులు మారుతూ.

అన్నట్టు, దుంపల చీటీ మీద ‘హిప్పియాస్ట్రమ్’ అని రాసి ఉంటే వేరే మొక్క అనుకోకండి. శాస్త్రం ప్రకారం అమరిల్లిస్ అనే పేరు దక్షిణాఫ్రికా మొక్కకే చెందుతుందని 1987లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ తేల్చింది. మనం కుండీల్లో పెంచేవి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన హిప్పియాస్ట్రమ్‌లు. వాడుకలో మాత్రం పాత పేరే నిలిచిపోయింది.

గ్లాడియోలస్ సంగతికి వస్తే, దాన్ని ఇలా కొయ్యాలని అనుకోకండి. దాన్ని కోస్తే పొరలు కనిపించవు, లోపలంతా గట్టి ముద్ద. మీరు నాటిన గడ్డ పూసే సరికి పూర్తిగా ఖర్చయిపోతుంది. దాని నెత్తి మీదే కొత్త గడ్డ కడుతుంది. పూత అయ్యాక ఆరేడు వారాలకు ఆకులు పసుపు తిరుగుతాయి. అప్పుడు తవ్వితే పైన నిగనిగలాడే కొత్త గడ్డ, కింద ముడుచుకుపోయిన పాతది, వాటి చుట్టూ బఠాణీల్లాంటి చిన్న గడ్డలు బోలెడు దొరుకుతాయి. ఆ చిన్నవే మీ వచ్చే ఏళ్ళ పంట. వాటి పెంకు గట్టిది కాబట్టి ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, విత్తనాల్లా వరసగా రెండు అంగుళాల లోతున నాటండి. మొదటి ఏడాది ఆకులే, రెండో ఏడాదో మూడో ఏడాదో పువ్వు. తవ్విన గడ్డలు వెంటనే మొలవవు, రెండు మూడు నెలల విశ్రాంతి కావాలి. వేడి ప్రదేశమైతే కాగితం సంచిలో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. పక్కన పండ్లు మాత్రం ఉండకూడదు. 

రెయిన్ లిల్లీకి మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. అది ఇరుకునే ఇష్టపడుతుంది. కుండీ అంచులు ఉబ్బేంతగా దుంపలు నిండితే తప్ప విడదీయకండి. విడదీసినప్పుడు ఒక్కొక్కటి కాకుండా అయిదారు కలిపి గుత్తిగా నాటితే తొందరగా పూస్తాయి. కాయలు రెండు మూడు వారాల్లో పగులుతాయి, ఆ విత్తనాలు చల్లినా ఒకటి రెండేళ్ళలో పూస్తాయి.

ఏ దుంపనైనా పెంచే ముందు ఆకుల్ని ఒకసారి పరీక్షగా చూడండి. ఆకు పొడవునా లేత పసుపు చారలో, మచ్చల కలయికో ఉండి, కొత్త ఆకులోనూ అదే కనిపిస్తే అది వైరస్ కావచ్చు. దానికి మందు లేదు. ఆ మొక్క పిల్లలన్నిటికీ అదే వస్తుంది, చాకుతో మిగతావాటికీ అంటుతుంది. మనసొప్పకపోయినా దాన్ని దూరంగా పారేయాల్సిందే. ఎర్రటి మచ్చలు, గీతలు దుంప మీదా ఆకుల మొదట్లోనూ ఉంటే అది శిలీంధ్రం. మచ్చ ఉన్న పొరలు తీసేసి, మందు నీళ్ళలో ముంచి, పై నుంచి నీళ్ళు పోయడం మానేస్తే చాలావరకు తగ్గుతుంది. పొరల సందుల్లో తెల్లటి పిండి పురుగు దాక్కుంటుంది. మెడ దగ్గర దూదిలా ఏదైనా కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

ఇంకో సంగతి, ఇది చాలా ముఖ్యం. అమరిల్లిస్ దుంపలో లైకోరిన్ అనే విషం ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆరబెట్టిన దుంపలు చూడ్డానికి ఉల్లిగడ్డల్లానే ఉంటాయి కాబట్టి వంటింట్లో పెట్టకండి. పేరు రాసిన సంచిలో, పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందని చోట ఉంచండి.

మీ తల్లి దుంపకు ఇక్కడి నుంచి ఒక ఏడాది ఇలా సాగనివ్వండి. ఉన్న ఆకుల్లో ఒక్కటి కూడా తెంపకండి. కుండీని రోజుకు నాలుగైదు గంటలు ఎండ తగిలే చోటికి మార్చి, పది పదిహేను రోజులకోసారి పల్చగా ద్రవ ఎరువు పోయండి. ఎదిగే కాలం ముగిసేసరికి మొత్తం ఎన్ని ఆకులు వేసిందో లెక్కపెట్టి రాసుకోండి. ఎనిమిది దాటితే లోపల రెండు మొగ్గలు కట్టి ఉండే అవకాశం ఉంది. ఆకులు పసుపు తిరగడం మొదలయ్యాక నీళ్ళు తగ్గించి, పూర్తిగా ఆపి, చల్లటి పొడి చోట ఎనిమిది నుంచి పది వారాలు ముట్టుకోకుండా వదిలేయండి. తర్వాత మెడలోంచి ఏది వస్తుందో చూడండి. మొన దగ్గర కొద్దిగా ఉబ్బి, బల్లెం ములికిలా పక్క నుంచి వస్తే అది పూకాడ. సన్నగా, చదునుగా, మధ్య నుంచి వస్తే ఆకు. పూకాడ వస్తే నాకు ఒక ఉత్తరం రాయండి, కోత గురించి అప్పుడు మాట్లాడుకుందాం. ఆకులే వస్తే ఇంకో ఏడాది దుంపను బలం పుంజుకోనివ్వండి. అమరిల్లిస్ దుంప సరిగ్గా చూసుకుంటే దశాబ్దాలు బతుకుతుంది, మీదింకా నాలుగేళ్ళదే.